450 మి.మీ. లోతు గోడ ర్యాక్‌లో ఇంటి సర్వర్: 1యూ కేసా, 2యూ కేసా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. హనుమకొండలో ఇల్లు. మెట్ల కింద గోడకు బిగించిన 6యూ ర్యాక్ (యూ అంటే ర్యాక్‌లో ఎత్తుకు వాడే కొలత), బయటి లోతు 450 మి.మీ. అందులో ఇప్పటికే ప్యాచ్ ప్యానెల్ (నెట్‌వర్క్ కేబుళ్లు వచ్చి చేరే పట్టీ), 16 పోర్టుల స్విచ్, ట్రే మీద సీసీ కెమెరాల ఎన్‌వీఆర్ (రికార్డర్) ఉన్నాయి. చేతిలో ఇంటెల్ ఐ3-12100 ప్రాసెసర్, మినీ ఐటీఎక్స్ (చిన్న సైజు) మదర్‌బోర్డు, 3.5 అంగుళాల హార్డ్‌డిస్కులు రెండు ఉన్నాయి. ఇంటి ఫొటోలు, జెల్లీఫిన్ (ఇంట్లో వీడియోలు చూపే సాఫ్ట్‌వేర్), హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోని స్మార్ట్ పరికరాలను నడిపేది) నడపాలి. 1యూ కేసు సన్నగా బాగుంది, అది తీసుకోవచ్చా, ముందుముందు నాలుగు డిస్కులు పడతాయా అని అడిగారు.

సూటిగా జవాబు: 2యూ తీసుకోండి. లోతు 300 మి.మీ. దగ్గర ఉండాలి, 340 దాటొద్దు. ఎస్ఎఫ్ఎక్స్ అనే చిన్న సైజు ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే డబ్బా), 80 మి.మీ. ఫ్యాన్లు పట్టేది చూడండి. 1యూ వద్దు. నాలుగు డిస్కులు ఖాయమనుకుంటే ముందు మార్చాల్సింది ర్యాక్, కేసు సంగతి ఆ తర్వాత. ఎందుకో కింద రాస్తున్నాను.

అందరూ ఎత్తు దగ్గర మొదలుపెడతారు. అసలు ఇరుకు లోతులో ఉంటుంది. 19 అంగుళాల ర్యాక్ అంటే ముందు పట్టీ వెడల్పు 482.6 మి.మీ., ఒక యూ ఎత్తు 44.45 మి.మీ. ఈ రెండూ ఎక్కడ కొన్నా ఒకటే. లోతుకు మాత్రం ప్రమాణం లేదు, ఎవరిష్టం వాళ్లది. మీ 450 ర్యాక్‌లో అద్దం తలుపుకూ ముందు పోస్టుకూ (పరికరాలు బిగించే నిలువు పట్టీ) మధ్య సుమారు 40 మి.మీ. పోతుంది. రేకు మందం, వెనక ప్యానెల్ మడతలు తీసేస్తే పోస్టు నుంచి వెనక రేకు దాకా 400 మిగులుతుంది. అందులో కరెంటు కేబుల్ ప్లగ్గుకు, అది వంగే జాగకు 60 మి.మీ. వదలాలి. అట్లా 340 వచ్చింది. మీ ర్యాక్‌లో ఈ లెక్క పది, పదిహేను మి.మీ. అటూ ఇటూ కావచ్చు. టేపు పెట్టి పోస్టు ముందు ముఖం నుంచి వెనక రేకు దాకా మీరే కొలవండి. ర్యాక్ అమ్మినవాళ్లు చెప్పే 450 బయటి కొలత, అది ఇక్కడ పనికిరాదు.

మరీ బిగుతుగా ఉంటే ఎల్ ఆకారం ప్లగ్గున్న కరెంటు కేబుల్ దొరుకుతుంది, దానితో 30 మి.మీ. దాకా కలిసొస్తుంది. ఇంకో దారి, పోర్టులన్నీ ముందు వైపుకే వచ్చే కేసులు. సూపర్‌మైక్రో ఎస్‌సీ505 అలాంటిదే, లోతు 249 మి.మీ. దాని అన్నదమ్ముడు ఎస్‌సీ504కు అంతే లోతు, పోర్టులు వెనక. పోర్టులు ముందుంటే వెనక జాగ అక్కర్లేదు కానీ కేబుళ్లు ముందుకు పొడుచుకొస్తాయి కాబట్టి అద్దం తలుపు మూసుకోదు. పైగా ఆ రెండూ 1యూ. యూట్యూబ్ వీడియోల్లో కనిపించే రోజ్‌విల్ 4యూ కేసులు చూసి ఆశపడేవాళ్లూ ఉన్నారు. వాటి లోతు 25 అంగుళాలు, అంటే 635 మి.మీ. గోడ ర్యాక్‌లో పెడితే మూడో వంతు బయటే వేలాడుతుంది.

ఇప్పుడు నాలుగు డిస్కుల సంగతి. ఇక్కడ కొలతలు వేసి చూస్తేనే నమ్మకం కుదురుతుంది. కేసు లోపలి వెడల్పు సుమారు 430 మి.మీ. మినీ ఐటీఎక్స్ బోర్డు 170 × 170. ఎస్ఎఫ్ఎక్స్ ఎస్ఎంపీఎస్ 125 వెడల్పు, 100 లోతు, 63.5 ఎత్తు. 3.5 అంగుళాల డిస్కు 147 పొడవు, 101.6 వెడల్పు, 26 మందం. బోర్డు, ఎస్ఎంపీఎస్ పక్కపక్కన పెడితే 295. మిగిలిన 135లో ఒక డిస్కు వరస పడుతుంది. ఒకదాని మీద ఒకటి రెండు పెట్టి, నడుమ గాలికి పది, పదిహేను మి.మీ. వదిలితే ఎత్తు 65 చిల్లర. 2యూలో హాయిగా కూర్చుంటాయి. 300 లోతు కేసులో రెండు డిస్కులు ఇట్లా ఏ తిప్పలూ లేకుండా పడతాయి.

నాలుగైతే రెండో వరసకు పక్కన చోటు లేదు, డిస్కులు బోర్డుకు ముందు వైపు రావాలి. డిస్కు 147, దాని వెనక సాటా (డేటా), పవర్ కేబుళ్లు వంగడానికి 35 నుంచి 40, ఫ్యాన్ 25, బోర్డు 170. కలిపితే 380. మీ ర్యాక్‌లో 340 మాత్రమే ఉంది. డిస్కుల్ని అడ్డంగా తిప్పి పెడితే 101.6 + 25 + 170, అంటే 297 అవుతుంది కదా అని ఎవరో ఒకరు అంటారు. కాగితం మీద కుదురుతుంది. కానీ గాలి వచ్చే దారికి డిస్కులు గోడ కట్టినట్టు నిలబడతాయి, వాటి వెనక ఉన్న సీపీయూకు వేడిగాలే అందుతుంది. మన ఎండకాలానికి అది పనికొచ్చే అమరిక కాదు. అందుకే నాలుగు డిస్కులు కావాలంటే 600 లోతు ర్యాక్, 400 దాకా లోతున్న 2యూ లేదా 3యూ కేసు పెట్టుకోవాలి. లేదా ఉన్న రెండు డిస్కుల్నే పెద్ద సైజువి చేసుకోవాలి. ఇంటి ఫొటోలకు రెండో దారే మేలని నా అభిప్రాయం. ఒక్కో డిస్కు పెరిగినకొద్దీ వేడి, మోత, కరెంటు అన్నీ పెరుగుతాయి.

1యూ ఎందుకు వద్దంటున్నానంటే

మొదటిది కూలర్. 1యూ బయటి ఎత్తు 44 మి.మీ. బోర్డు కింద స్టాండాఫ్ (బోర్డును రేకుకు తగలకుండా ఎత్తి ఉంచే చిన్న స్తంభం) 6.5, బోర్డు మందం 1.6, సాకెట్‌తో సీపీయూ ఇంకో 7 లేదా 8, పైన మూత రేకు. ఇవన్నీ తీసేస్తే కూలర్‌కు 27, 28 మి.మీ. మిగులుతుంది. నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఐ లాంటి పొట్టి కూలరే 37 మి.మీ. మీ ప్రాసెసర్‌తో డబ్బాలో వచ్చిన ఇంటెల్ కూలర్ అసలు పట్టదు. అప్పుడు బ్లోయర్ కూలర్ గానీ, ఉత్త హీట్‌సింక్ పెట్టి ముందు నుంచి గట్టిగా గాలి కొట్టే ఫ్యాన్లు గానీ కావాలి. 1యూలో పట్టేవి 40 మి.మీ. ఫ్యాన్లు. అవి నిమిషానికి పది వేల చుట్లు తిరిగితేగానీ గాలి సరిపోదు, ఆ స్పీడులో వచ్చే కీచు శబ్దం మెట్ల కింద నుంచి పడకగది దాకా వినిపిస్తుంది. డేటా సెంటర్‌లో ఎవరూ పడుకోరు కాబట్టి అక్కడ చెల్లుతుంది.

2యూలో కూలర్‌కు 68 నుంచి 70 మి.మీ. దొరుకుతుంది. అంతా కూలరే నింపేయకండి. పై నుంచి గాలి పీల్చే కూలర్‌కు దాని ఫ్యానుకూ మూతకూ మధ్య కనీసం 15, 20 మి.మీ. ఖాళీ ఉండాలి. మూతకు రంధ్రాలు లేకపోతే ఇది ఇంకా ముఖ్యం. ఇంటెల్ డబ్బా కూలర్ ఎత్తు 50 లోపే కాబట్టి అదే సరిపోతుంది, విడిగా కొనక్కర్లేదు.

రెండోది పీసీఐ కార్డు. 1యూలో రైజర్ (స్లాటును పక్కకు తిప్పే చిన్న బోర్డు) వేసి కార్డును పడుకోబెట్టాలి. 2యూలో పొట్టి పట్టీ ఉన్న కార్డు నేరుగా నిలబడుతుంది. ఈ పట్టీ 79 మి.మీ. ఉంటుంది, మామూలుది 120. రేపు 2.5 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డో, ఎక్స్‌ట్రా సాటా కార్డో కొనేటప్పుడు డబ్బాలో పొట్టి పట్టీ ఉందో లేదో చూసి కొనండి. విడిగా పట్టీ దొరకడం కష్టం.

ఎస్ఎంపీఎస్

2యూ కేసు అమ్మేవాళ్లు కొందరు మామూలు ఏటీఎక్స్ పడుతుందంటారు. దాని మందం 86 మి.మీ., 2యూ బయటి ఎత్తే 88.9. పలుచటి రేకుతో కుదిర్చిన కేసులు కొన్ని ఉన్నాయి కానీ కేసు స్పెసిఫికేషన్‌లో స్పష్టంగా రాసి ఉంటేనే నమ్మండి. ఎస్ఎఫ్ఎక్స్ మేలు. ఫ్లెక్స్ ఏటీఎక్స్ (150 × 81.5 × 40.5) కూడా పడుతుంది, దాంట్లో 40 మి.మీ. ఫ్యానే ఉంటుంది కాబట్టి మోత మళ్లీ మొదటికొస్తుంది.

ఎన్ని వాట్లు? ఐ3-12100 బేస్ పవర్ 60 వాట్లు, టర్బోలో 89. డిస్కు తిరగడం మొదలయ్యే క్షణంలో 12 వోల్టుల మీద 2 ఆంపియర్ల దాకా గుంజుతుంది, అంటే 24 వాట్లు. రెండు డిస్కులకు 48. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు అన్నీ కలిపినా 200 దాటదు. 300 వాట్లది చాలు, 450 ఎస్ఎఫ్ఎక్స్ సులువుగా దొరుకుతుంది కాబట్టి అదే తీసుకోండి. సాటా పవర్ పిన్నులు తక్కువపడితే మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల పవర్ ప్లగ్గు) నుంచి సాటాకు మార్చే అచ్చు ప్లాస్టిక్ కనెక్టర్లు వాడొద్దు. ప్లాస్టిక్ లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోవడం బాగా తెలిసిన జబ్బు. వైరును క్లిప్పులా నొక్కి బిగించే రకం కనెక్టర్ ఉన్న కేబుల్ కొనండి.

వేడి

కేసు ఎంపికలో సగం నిర్ణయం మే నెల చేస్తుంది. వరంగల్‌లో బయట 43, 44 డిగ్రీలు సాధారణం. ఏసీ లేని మెట్ల కింద మధ్యాహ్నం 38, 40 ఉంటుందనుకోండి. అద్దం తలుపు మూసిన ర్యాక్‌లో ఎన్‌వీఆర్, పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కెమెరాలకు కరెంటిచ్చే) స్విచ్ వేడి కలిసి ఇంకో ఐదారు డిగ్రీలు పెరుగుతుంది. తిరుగుతున్న డిస్కు తన చుట్టూ ఉన్న గాలి కన్నా ఎనిమిది, పది డిగ్రీలు వేడిగా ఉంటుంది. లెక్క 55కు చేరింది. డిస్కు కంపెనీలు సాధారణంగా 60, 65 దాకా పర్వాలేదని రాస్తాయి, కానీ ఎప్పుడూ ఆ అంచున నడపడం మంచిది కాదు. 50 లోపు ఉంచే ప్రయత్నం చేయండి.

దీనికి కేసులో చూడాల్సింది ఒకటే. ముందు ప్యానెల్ జాలీదై ఉండాలి, దాని వెనకే కనీసం రెండు 80 మి.మీ. ఫ్యాన్లు ఉండి, డిస్కుల మీదికి గాలి కొట్టాలి. ముందు నిండు రేకు, రెండు వైపులా చిన్న చీలికలు ఉన్న కేసులు చూడ్డానికి అందంగా ఉంటాయి, ఆ చీలికలు ర్యాక్ పక్క రేకుకు ఆనుకుని గాలి అందదు. ఫ్యాన్లు నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం (స్పీడు మార్చుకోగల) రకం పెట్టి, బయాస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూ) సీపీయూ వేడిని బట్టి కాకుండా కనీసం 40 శాతం ఎప్పుడూ తిరిగేట్టు పెట్టండి. సీపీయూ చల్లగా ఉన్నా డిస్కు కాలుతూ ఉండొచ్చు, బోర్డుకు ఆ సంగతి తెలియదు.

బయాస్‌లోనే పీఎల్1 (ప్రాసెసర్ ఎక్కువసేపు వాడగల కరెంటు పరిమితి) విలువ 35 వాట్లకు దించండి. జెల్లీఫిన్ వీడియో మార్పిడిని ఈ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగమే చేస్తుంది కాబట్టి మీకు తేడా తెలియదు. ఎండకాలం మూడు నెలలు అద్దం తలుపు తీసి పక్కన పెట్టండి, రెండు పిన్నుల మీదే ఉంటుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ర్యాక్ పైన 120 మి.మీ. ఫ్యాన్‌కు రంధ్రం ఉంటే అమ్మేవాళ్లు 230 వోల్టుల ఫ్యాన్ అంటగడతారు, అది గోల పెడుతుంది. 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి చిన్న అడాప్టర్‌తో నడిపితే చాలు. మెట్ల కింది గోడ పడమటి వైపుదైతే సాయంత్రం ఆరింటికి గోడే వేడి కక్కుతుంది. ర్యాక్‌ను మార్చే వీలుంటే లోపలి గోడకు మార్చండి.

దుమ్ముకు జాలీ వెనక సన్నటి ఫోమ్ గానీ నైలాన్ ఫిల్టర్ గానీ పెట్టండి. పక్కన ఇల్లు కడుతుంటే రెండు వారాలకే మూసుకుపోతుంది. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి సీజన్‌లో నూగు పట్టడం చూస్తూనే ఉంటాం. ఫిల్టర్ శుభ్రం చేయకపోతే లేనిదానికన్నా అధ్వానం. కేబుళ్లు వచ్చే రంధ్రాలను ఫోమ్‌తో మూయండి. చీమలు, బల్లులు వెచ్చదనానికి వస్తాయి. ఎస్ఎంపీఎస్ లోపల బల్లి పడిందంటే ఆ ఎస్ఎంపీఎస్ పని అయిపోయినట్టే.

ఆ 6యూలో జాగ ఉందా?

ప్యాచ్ ప్యానెల్ 1, స్విచ్ 1. ఎన్‌వీఆర్ 1 అనుకుంటారు కానీ దాని ఎత్తు 45 నుంచి 55 ఉంటుంది, ట్రే మందం కలిపితే 2యూ తింటుంది. మొత్తం 4. సరిగ్గా 2యూ మిగిలింది. మధ్యలో కేబుల్ మేనేజర్ ఉంటే అది పీకేయాల్సిందే. సర్వర్ బరువెక్కువ కాబట్టి అడుగున పెట్టండి, దాని పైన ఎన్‌వీఆర్, ఆ పైన స్విచ్, ప్యానెల్. యూపీఎస్‌ను ఈ ర్యాక్‌లో పెట్టే ఆలోచన మానుకోండి, బరువు గోడ మీద పడుతుంది, బ్యాటరీకి వేడి అస్సలు పడదు. అలాగని నేల మీద కూడా వద్దు. 2020 ఆగస్టు, 2023 జులై వరదల్లో హనుమకొండ, వరంగల్ లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి కదా. నడుము ఎత్తులో చిన్న షెల్ఫు కొట్టించండి.

బిగించేటప్పుడు ఒక తప్పు అందరూ చేస్తారు. ర్యాక్ రంధ్రాలు సమాన దూరంలో ఉండవు. 15.9, 15.9, 12.7 మి.మీ. చొప్పున వరసగా వస్తాయి. దగ్గర దగ్గరగా ఉన్న రెండు రంధ్రాల నడుమే ఒక యూ ముగిసి ఇంకోటి మొదలవుతుంది. ఒక్క రంధ్రం పైకి జరిగి బిగిస్తే ఆ పైనున్నవి ఏవీ కూర్చోవు. ముందు పెన్సిల్‌తో యూ గీతలు పెట్టుకుని ఆ తర్వాత ఎం6 కేజ్ నట్లు (ర్యాక్ చదరపు రంధ్రాల్లో ఇరికించే నట్లు) ఎక్కించండి. వేళ్లతో నొక్కొద్దు, తెగుతాయి. సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఒక చెవి ముందు, ఇంకోటి తర్వాత లోపలికి నెట్టండి.

300 లోతు 2యూ కేసు రెండు డిస్కులతో ఏడెనిమిది కిలోలు తూగుతుంది. ముందు చెవుల మీదే వేలాడదీస్తే ఏడాదికో రెండేళ్లకో పట్టీ వంగుతుంది. జారే రెయిళ్లు ఈ ర్యాక్‌కు పొడవెక్కువ, అవి కొనొద్దు. ర్యాక్ పక్కల ఎల్ యాంగిల్ పట్టీలు రెండు బిగించి వాటి మీద ఆనించండి. గోడ నాలుగున్నర అంగుళాలదైతే ప్లాస్టిక్ గూటాలు నమ్మొద్దు, గోడ అవతలి వరకూ బోల్టు పంపి అక్కడ పట్టీ వేసి నట్టు బిగించాలి. తొమ్మిది అంగుళాల గోడకు 10 మి.మీ. యాంకర్ బోల్టులు నాలుగు చాలు.

ఎర్తింగ్ సంగతి తప్పకుండా చూడండి. ఎర్త్ లేని సాకెట్‌లో పెడితే ఎస్ఎంపీఎస్ ఫిల్టర్ వల్ల రేకు మీద 115 వోల్టుల దాకా కనిపిస్తుంది. కరెంటు స్వల్పమే, కానీ ముట్టుకుంటే జివ్వుమంటుంది, ర్యాక్‌కు తగిలి స్విచ్, కెమెరా కేబుళ్ల దాకా పాకుతుంది. ర్యాక్ బాడీకి ఎర్త్ బోల్టు ఉంటుంది, పచ్చ వైరుతో కలపండి. ఇన్వర్టర్ మీద నడుపుతుంటే దాని వెనక మోడ్ స్విచ్‌ను యూపీఎస్ వైపు పెట్టండి. ఎకో వైపు ఉంటే కరెంటు పోయినప్పుడు మారడానికి పట్టే సమయంలో సర్వర్ రీస్టార్ట్ అవుతుంది. బయాస్‌లో కరెంటు తిరిగొచ్చాక దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టడం మరవొద్దు.

ఎక్కడ దొరుకుతుంది? హనుమకొండ షాపుల్లో ఇలాంటి పొట్టి లోతు కేసు స్టాకులో ఉండే అవకాశం తక్కువ. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లేముందు ఫోన్ చేసి లోతు ఎన్ని మి.మీ. అని అడగండి. "చిన్నదే సార్" అనే జవాబు వింటే టికెట్ కొనకండి. ఆన్‌లైన్‌లోనైతే డబ్బా కొలతలకూ కేసు కొలతలకూ తేడా చూసుకోండి, చాలా పేజీల్లో ప్యాకింగ్ కొలతే ఉంటుంది.

దొరక్కపోతే షీట్ బెండింగ్ చేసే వర్క్‌షాపులో చేయించుకోవచ్చు, ఇది అనుకున్నంత కష్టం కాదు. 1.2 మి.మీ. సీఆర్ (కోల్డ్ రోల్డ్ స్టీలు) రేకు, బాడీ వెడల్పు 435, లోతు 300, ఎత్తు 87. నిండుగా 88.9 చేయిస్తే పైనున్న దానికి రాసుకుని దూరదు. ముందు పట్టీ విడిగా 2.5 మి.మీ. రేకుతో, 482 వెడల్పు, ఎడమ కుడి రంధ్రాల మధ్య దూరం 465, పై కింది రంధ్రాల మధ్య 76.2. ఈ రంధ్రాలు గుండ్రంగా కాకుండా అడ్డంగా పొడుగ్గా, 7 × 10 చేయించండి, అప్పుడు రెండు మి.మీ. తేడా వచ్చినా కూర్చుంటుంది. మినీ ఐటీఎక్స్ బోర్డు రంధ్రాల కొలతలు వాళ్లకు నోటితో చెప్పొద్దు, పాత బోర్డు ఒకటి తీసుకెళ్లి గుర్తు పెట్టించండి. వెనక పోర్టుల పట్టీకి 158.75 × 44.45 కిటికీ కోయించాలి. పౌడర్ కోటింగ్ అయ్యాక ఎస్ఎంపీఎస్, బోర్డు స్క్రూలు తగిలే చోట రంగు గీకాలి, లేకపోతే ఎర్త్ అందదు.

డిస్కులు అసలు వద్దు, ఎస్ఎస్‌డీ చాలు అనుకుంటే ఈ కేసు గొడవే లేదు. సెకండ్ హ్యాండ్ లెనోవో ఎం720క్యూ లాంటి బుల్లి పీసీ 34.5 మి.మీ. మందమే ఉంటుంది, 1యూ ట్రే మీద పెట్టేయొచ్చు. కానీ మీ దగ్గర బోర్డు, డిస్కులు కొని ఉన్నాయి కాబట్టి ఆ దారి మీకు దండగ.

అన్నీ బిగించాక మొదటి వారం మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి బ్యాకప్ నడుస్తున్నప్పుడు ఒకసారి స్మార్ట్‌సీటీఎల్ (డిస్కు ఆరోగ్యం చూపే కమాండ్)తో డిస్కు వేడి చూడండి. పై డిస్కుకూ కింది డిస్కుకూ ఐదు డిగ్రీలకు మించి తేడా ఉంటే వాటి నడుమ గాలి పోవడం లేదని. అప్పుడు సాటా కేబుళ్ల కట్టను ఫ్యాన్ ముందు నుంచి పక్కకు జరిపి కట్టండి, ఎక్కువసార్లు దోషం అక్కడే ఉంటుంది. మీ ర్యాక్ లోపలి కొలత 380 కన్నా తక్కువ వస్తే ఏ కేసూ కొనకుండా ముందు ఆ కొలత ఇక్కడ రాయండి, ఎల్ ప్లగ్గుతో ఎంత దాకా పోవచ్చో చెప్తాను.